ఇరవై నిమిషాల ప్రయాణానికి ఎన్ని రోజులు?

“ఇరవై నిమిషాల ప్రయాణమన్నావు కదరా!”

ఫోన్లో అమ్మ అడిగిన ఆ ఒక్క మాటకి నా దగ్గర జవాబు లేదు. అప్పుడు నేను నేపాల్‌లో, లుక్లా అనే కొండ ఊళ్లో ఉన్నాను. ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దాకా నడిచి తిరిగి వచ్చాను. పొద్దున్నే లుక్లాలో చిన్న విమానం ఎక్కితే ఇరవై నిమిషాల్లో మంథలిలో దిగుతాను, అక్కణ్ణుంచి జీపులో ఖాట్మండు, రాత్రికి ఢిల్లీ, మర్నాడు పొద్దునకల్లా హైదరాబాద్. ఆ మధ్యాహ్నమే చెల్లెలి నిశ్చితార్థం. కాగితం మీద అంతా చక్కగా అమరింది.

తెల్లారి లేచి చూస్తే లోయ నిండా మబ్బు. ఆ రోజు ఒక్క విమానం కూడా రాలేదు. రెండో రోజూ అంతే. మూడో రోజు పొద్దున ఆకాశం విడింది. విమానం ఎక్కాక గాల్లో ఉన్నది ఇరవై నిమిషాల లోపే. కానీ అప్పటికి మా ఇంట్లో తాంబూలాలు పుచ్చుకోవడం అయిపోయింది.

ఆ తప్పు పూర్తిగా నాదే. దూరాన్ని చూసి సమయాన్ని నిర్ణయించుకున్నాను. టికెట్ మీద ఉన్న నిమిషాలను ప్రయాణం అనుకున్నాను. మారుమూల ఉన్న రెండు చిన్న విమానాశ్రయాల మధ్య ప్రయాణం పెట్టుకునే ప్రతి ఒక్కరూ చేసే పొరపాటు ఇదే. ఈ అధ్యాయం చదివాక మీరు ఆ పొరపాటు చేయకూడదన్నది నా కోరిక. దూరం ఎలా కొలవాలి, దాని నుంచి సమయం ఎలా రాబట్టాలి, ఆ సమయానికి ఇంకేం కలపాలి, అన్నీ తారుమారైన రోజున ఎలా నిలబడాలి, ఈ నాలుగూ వరసగా చూద్దాం.

మొదటి మెట్టు: దూరం మీరే లెక్క కట్టండి

పటం మీద రెండు ఊళ్ల మధ్య రోడ్డు దూరం ఫోన్ చెప్తుంది. విమానానికి రోడ్డుతో పనిలేదు. దానికి కావలసింది రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలు. ఈ లెక్కకి మీరు పదో తరగతిలో నేర్చుకున్న పైథాగరస్ సిద్ధాంతం చాలు.

గుర్తుంచుకోవలసినవి రెండు సంగతులు. ఉత్తర దక్షిణాలుగా ఒక డిగ్రీ అక్షాంశం అంటే సుమారు 111 కిలోమీటర్లు. భూమి మీద ఎక్కడైనా దాదాపు ఇంతే. తూర్పు పడమరలుగా ఒక డిగ్రీ రేఖాంశం మాత్రం భూమధ్యరేఖ దగ్గర 111 కిలోమీటర్లు ఉండి, ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ కుంచించుకుపోతుంది. మన తెలుగు నేల మీద అది సుమారు 106, 107 కిలోమీటర్లు. నేపాల్ దగ్గర 99 దాకా దిగుతుంది.

ముందు మన ఇంటి లెక్కతో మొదలుపెడదాం. శంషాబాద్ విమానాశ్రయం 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. కడప విమానాశ్రయం 14.51, 78.77 మీద ఉంది. అక్షాంశాల తేడా 2.73 డిగ్రీలు, అంటే 303 కిలోమీటర్లు. రేఖాంశాల తేడా 0.34 డిగ్రీలు, అంటే 36 కిలోమీటర్లు. ఈ రెండింటి వర్గాలను కూడి వర్గమూలం తీస్తే సుమారు 305 కిలోమీటర్లు వస్తుంది. కడప దాదాపు నేరుగా దక్షిణాన ఉంది కాబట్టి తూర్పు పడమర తేడా ఈ లెక్కలో పెద్దగా తేలదు.

ఇప్పుడు నన్ను ఓడించిన దారి చూద్దాం. మంథలిలోని రామెఛాప్ విమానాశ్రయం 27.39 డిగ్రీల ఉత్తరం, 86.06 డిగ్రీల తూర్పు. లుక్లా 27.69, 86.73. అక్షాంశాల తేడా 0.3 డిగ్రీలు, అంటే 33 కిలోమీటర్లు. రేఖాంశాల తేడా 0.67 డిగ్రీలు, అంటే 66 కిలోమీటర్లు. పైథాగరస్ ప్రకారం దూరం సుమారు 74 కిలోమీటర్లు. కరీంనగర్ నుంచి వరంగల్‌కి రోడ్డు మీద వెళ్లేంత దూరం. మన దగ్గర పొద్దున టిఫిన్ చేసి బస్సెక్కితే పదిన్నరకల్లా పని చూసుకునే దూరం.

రెండు వేల, మూడు వేల కిలోమీటర్ల దూరాలకు ఈ పద్ధతి సరిపోదు. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి అక్కడ మహావృత్తం లెక్క వాడాలి. చిన్న విమానాశ్రయాల మధ్య దూరాలు సాధారణంగా తక్కువే, వాటికి ఇది చాలు.

వైమానికులు ఈ దూరాన్ని నాటికల్ మైళ్లలో చెప్తారు. అక్షాంశంలో ఒక డిగ్రీని అరవై భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు. గంటకు ఒక నాటికల్ మైలు వేగమే ఒక నాట్. 74 కిలోమీటర్లంటే 40 నాటికల్ మైళ్లు. ఎక్కడైనా ఈ మాటలు కనిపిస్తే తడుముకోకుండా రెండుతో గుణించి కొంచెం తగ్గించుకోండి, కిలోమీటర్లు వచ్చేస్తాయి.

రెండో మెట్టు: దూరం నుంచి సమయం

దూరాన్ని వేగంతో భాగిస్తే సమయం. ఇది అందరికీ తెలిసిందే. కానీ ఏ వేగం? పెద్ద జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్ల పైన పోతుంది. చిన్న విమానాశ్రయాలకు అది రాదు. మన జిల్లా కేంద్రాలకు తిరిగే ఏటీఆర్ 72 గంటకు సుమారు 500 కిలోమీటర్లు పోతుంది. లుక్లా వంటి చోట్లకు తిరిగే ట్విన్ ఆటర్ గంటకు 280 కిలోమీటర్ల చుట్టుపక్కల. అందుకే దూరం తెలియగానే అడగవలసిన రెండో ప్రశ్న, ఏ విమానం అని.

శంషాబాద్ నుంచి కడపకు 305 కిలోమీటర్లు. 500తో భాగిస్తే 37 నిమిషాలు. కానీ టైంటేబుల్ గంటకు పైనే చూపిస్తుంది. ఆ తేడా ఎక్కడిది? విమానం తలుపు మూసి, రన్‌వే దాకా పాకి, వరసలో నిలబడి, ఎగిరి, నిదానంగా ఎత్తుకు ఎక్కి, మళ్లీ దిగుతూ వేగం తగ్గించి, రన్‌వేకి ఎదురుగా తిరిగి, దిగి, ఆగేదాకా మొత్తం కలిపి లెక్క కడతారు. చక్రాల కింద దిమ్మలు తీసినప్పటి నుంచి మళ్లీ పెట్టేదాకా అన్నమాట. దీన్నే బ్లాక్ టైమ్ అంటారు. గాల్లో పూర్తి వేగంతో పోయేది అందులో కొంత భాగమే.

కాబట్టి నేను వాడే సూత్రం ఇది. దూరాన్ని వేగంతో భాగించండి. బయల్దేరేది పెద్ద విమానాశ్రయం నుంచి అయితే దానికి 25 నుంచి 35 నిమిషాలు కలపండి. రెండూ చిన్నవే అయితే అక్కడ వరసలు ఉండవు, పాకే దూరం ఉండదు, అయిదు పది నిమిషాలు చాలు. మంథలి నుంచి లుక్లాకి 74 కిలోమీటర్లను 280తో భాగిస్తే 16 నిమిషాలు. అయిదు నిమిషాలు కలిపితే సుమారు ఇరవై. నేను వేసుకున్న ఈ లెక్కలో తప్పులేదు. విమానం గాల్లోకి లేచాక సరిగ్గా అంతే పట్టింది.

గాలిని కూడా చూడాలి. విమానం గాలిలో 280 వేగంతో పోతున్నా, ఎదురుగాలి 50 ఉంటే నేల మీద అది కదిలేది 230 వేగంతోనే. అప్పుడు పదహారు నిమిషాలు పంతొమ్మిదవుతాయి. వెనక నుంచి అదే గాలి తోస్తే పదమూడున్నర. దూరం తక్కువ కాబట్టి ఇది పెద్ద తేడా అనిపించదు. చిన్న విమానాశ్రయాల్లో గాలి చేసే అసలు పని వేరే ఉంది. అది ప్రయాణాన్ని రెండు మూడు నిమిషాలు సాగదీయడంతో ఆగదు. అసలు సాగనిస్తుందా లేదా అన్నది అదే తేలుస్తుంది.

మూడో మెట్టు: ఆ విమానాశ్రయం గురించి తెలుసుకోండి

లుక్లాలో రన్‌వే పొడవు 527 మీటర్లు. శంషాబాద్ పెద్ద రన్‌వే 4,260 మీటర్లు. అంటే మన రన్‌వే ఒక్కదానిలో లుక్లా రన్‌వేలు ఎనిమిది పడతాయి. పైగా లుక్లా రన్‌వే చదునుగా ఉండదు. 11.7 శాతం వాలు. ఒక కొస కంటే రెండో కొస అరవై మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఇరవై అంతస్తుల మేడంత ఎత్తు. దిగే విమానం ఎగువకు పరుగెత్తి వేగం చంపుకుంటుంది. ఎగిరే విమానం దిగువకు పరుగెత్తి వేగం పుంజుకుంటుంది. ఎగువన కొండ, దిగువన లోయ. ఒకసారి దిగడానికి దగ్గరికొచ్చాక మళ్లీ పైకి లేచి చుట్టు తిరిగి వచ్చే వీలు లేదు.

అది సముద్రమట్టానికి 2,845 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి సాంద్రత మన తీరప్రాంతంలో ఉన్నదానిలో నాలుగింట మూడు వంతులే. పలచని గాలిలో రెక్కలకు పట్టు తక్కువ, ఇంజన్లకు శక్తి తక్కువ. అందుకే సామాను విషయంలో అంత కచ్చితంగా ఉంటారు. చేతి సంచీతో కలిపి మనిషికి 15 కిలోలు అంటే 15 కిలోలే. అక్కడ బేరాలాడటం తగదు. ఆ కాటాలో చూసేది మన ప్రాణాల బరువు.

అన్నిటికన్నా ముఖ్యమైనది చూపు. అక్కడ పైలట్ కళ్లతో చూసి దిగాలి. మబ్బు లోయను కప్పితే దిగడం లేదు. మధ్యాహ్నానికి ఎండకు లోయలో గాలులు లేస్తాయి, మబ్బులు కమ్ముతాయి. అందుకే విమానాలన్నీ పొద్దున్నే. మన దేశంలో 3,256 మీటర్ల ఎత్తున్న లేహ్‌కి కూడా ఎక్కువ విమానాలు పొద్దుటిపూటే నడవడానికి గాలి, ఎండ ఇవే కారణాలు.

ఇంత కష్టమైన చోట రన్‌వే ఎందుకు కట్టారు? 1953లో టెన్జింగ్ నార్గే, ఎడ్మండ్ హిల్లరీ ఎవరెస్ట్ ఎక్కినప్పుడు వారి బృందం ఖాట్మండు లోయ నుంచి కాలినడకనే బయల్దేరింది. వందల మంది కూలీలు సామాన్లు మోశారు. ఆ తర్వాత షెర్పాల ఊళ్లలో బడులూ ఆసుపత్రీ కట్టాలని హిల్లరీ పూనుకున్నారు. వాటికి కావలసిన సామగ్రి చేరవేయడానికి 1964లో లుక్లాలో పొలాలు కొని ఎయిర్‌స్ట్రిప్ వేయించారు. నేల గట్టిపడటానికి షెర్పాలంతా చేతులు కలిపి వరసకట్టి దాని మీద నాట్యం చేశారని చెప్తారు. మట్టి దారిగా ఉన్న ఆ రన్‌వే మీద 2001లో తారు వేశారు. 2008లో దానికి టెన్జింగ్, హిల్లరీల పేరు పెట్టారు.

ఈ కథ ఊరికే చెప్పలేదు. ఏ చిన్న విమానాశ్రయమైనా అక్కడి మనుషుల అవసరం కోసం పుట్టింది. వారాల నడకను నిమిషాలు చేసింది. ఇది తెలిసినవాడు ఒక రోజు ఆలస్యాన్ని అన్యాయంగా చూడడు.

మీరు వెళ్లే విమానాశ్రయం ఏదైనా సరే, ఈ అయిదు సంగతులు ముందే తెలుసుకోండి. రన్‌వే పొడవెంత? ఎత్తెంత? మబ్బులో దిగడానికి పరికరాల సాయం ఉందా, కంటితో చూసే దిగాలా? రాత్రి దీపాలున్నాయా? రోజుకు ఎన్ని విమానాలు, మొదటిది ఎప్పుడు? మీ ప్రయాణం జరిగేదీ ఆగేదీ తేల్చేవి కిలోమీటర్లకన్నా ఈ జవాబులే.

అతి తక్కువ దూరం చెప్పే పాఠం

స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఆర్క్‌నీ దీవులున్నాయి. అందులో వెస్ట్రే, పాపా వెస్ట్రే అనే రెండు చిన్న దీవుల మధ్య 1967 నుంచి విమానం నడుస్తోంది. దూరం 2.7 కిలోమీటర్లు. ప్రపంచంలో టైంటేబుల్ ప్రకారం నడిచే విమాన ప్రయాణాల్లో ఇదే అతి చిన్నది. శంషాబాద్ రన్‌వే కన్నా ఈ ప్రయాణం పొట్టిది. టైంటేబుల్‌లో రెండు నిమిషాలు రాస్తారు. గాలి అనుకూలించి 53 సెకన్లలో ముగిసిన రికార్డు కూడా ఉంది.

మొదటిసారి విన్నప్పుడు నాకు వచ్చిన ప్రశ్నే మీకూ వస్తుంది. ఇంత దగ్గరకి విమానం ఎందుకు? మధ్యలో ఉన్నది సముద్రం. దీవుల్లో బడికి వెళ్లాల్సిన టీచర్లుంటారు, డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన వృద్ధులుంటారు. కిర్క్‌వాల్ అనే ఊరి నుంచి ఎనిమిది మంది పట్టే బుల్లి విమానం బయల్దేరి దీవుల మీదుగా, పల్లె వెలుగు బస్సు ఊరూరా ఆగినట్టు, ఆగుతూ పోతుంది. ఆ చుట్టులో ఈ రెండు నిమిషాలు ఒక మజిలీ.

ఇక్కడ నేర్చుకోవలసింది ఉంది. ఆ దీవి మనిషి “రెండు నిమిషాల ప్రయాణం” అని తన రోజును రెండు నిమిషాల్లో ఇరికించడు. విమానం రోజుకు ఏ వేళకు వస్తుందో, తిరుగు విమానం ఎప్పుడో, పొగమంచు పడితే పడవ ఎప్పుడో చూసుకుని రోజంతా దాని చుట్టూ అమర్చుకుంటాడు. విమానం తక్కువగా తిరిగే చోట ప్రయాణ సమయాన్ని శాసించేది రెండు విమానాల మధ్య ఉన్న ఎడం. ఒకటి తప్పితే తర్వాతిది ఎప్పుడన్నదే అసలు లెక్క.

నాలుగో మెట్టు: గుమ్మం నుంచి గుమ్మానికి

ఇప్పుడు ఒక కాగితం తీసుకోండి. పైన మీ ఇంటి గుమ్మం, అడుగున చేరవలసిన గుమ్మం రాయండి. మధ్యలో ప్రతి అడుగూ రాయండి. లుక్లా ప్రయాణానికి నేను ముందే రాసుకోవలసిన కాగితం ఇలా ఉండేది.

ట్రెక్కింగ్ సీజన్లో ఖాట్మండు విమానాశ్రయంలో రద్దీ ఎక్కువ కాబట్టి లుక్లా విమానాలను చాలావరకు మంథలి నుంచి నడుపుతారు. ఖాట్మండు నుంచి మంథలికి సుమారు 130 కిలోమీటర్ల కొండ రోడ్డు. నాలుగైదు గంటలు. పొద్దుటి విమానం అందుకోవాలంటే అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకు బయల్దేరాలి. ఆరింటికి మంథలి చేరతారు. సామాను తూకం, వరస, పిలుపు కోసం ఎదురుచూపు. అన్నీ కలిసొస్తే ఎనిమిదింటికి విమానం. ఎనిమిదీ ఇరవైకి లుక్లా. ఇరవై నిమిషాల ప్రయాణానికి ఏడు గంటలకు పైన పట్టింది. అదీ ఆకాశం తేటగా ఉన్న రోజు సంగతి.

ఈ కాగితంలో ప్రతి అడుగు పక్కనా మూడు అంకెలు వేయండి. అన్నీ బాగుంటే ఎంత, మామూలుగా ఎంత, చెడితే ఎంత. మనం ప్లాన్ వేసుకునేటప్పుడు మొదటి అంకెతోనే వేస్తాం. ఎందుకంటే మనకి త్వరగా చేరాలని ఉంటుంది. ఆశను లెక్కగా రాసుకోవడం అంటే ఇదే. మామూలుగా పట్టే అంకెతో ప్రయాణం అమర్చుకోండి. చెడితే పట్టే అంకెతో మీ మాట ఇవ్వండి. ఇంట్లోవాళ్లకు “ఫలానా రోజు వస్తాను” అని చెప్పేటప్పుడు ఆ మూడో అంకె చూసి చెప్పండి.

గడియారాలు కూడా సరిచూసుకోండి. నేపాల్ సమయం మనకంటే 15 నిమిషాలు ముందు. ఫోన్ దానంతటది మారిందో లేదో చూసుకోకపోతే ఆ పావుగంటే కొంప ముంచుతుంది.

తొమ్మిదిని మూడుసార్లు గుణిస్తే

ఖాళీ సమయం ఎందుకు ఉంచుకోవాలో చెప్పే చిన్న లెక్క ఒకటి ఉంది. ఇది నా ప్రయాణాలనే మార్చేసింది.

మీ ప్రయాణంలో మూడు అంకాలున్నాయి అనుకుందాం. చిన్న విమానం, కొండ రోడ్డు, పెద్ద విమానం. ఒక్కొక్కటీ పదిసార్లలో తొమ్మిదిసార్లు సమయానికి జరుగుతుంది అనుకోండి. వినడానికి ఇది చాలా నమ్మకంగా ఉంటుంది. కానీ మూడూ ఒకేసారి సమయానికి జరగాలంటే 0.9ని మూడుసార్లు గుణించాలి. వచ్చేది 0.73. అంటే నాలుగు ప్రయాణాల్లో ఒకటి ఎక్కడో ఒకచోట తప్పుతుంది. చిన్న విమానం పదిలో ఏడుసార్లే సమయానికి వస్తే లెక్క 0.57కి పడిపోతుంది. దాదాపు బొమ్మా బొరుసూ వేసినట్టే.

చెల్లెలి నిశ్చితార్థాన్ని బొమ్మా బొరుసు మీద పెట్టాను నేను. తెలిసి పెట్టలేదు, లెక్క వేయక పెట్టాను.

అంకాలను విడదీయడమే దీనికి మందు. రెండు అంకాల మధ్య ఒక రాత్రి, ఒక రోజు ఉంచితే, మొదటిదాని ఆలస్యం రెండోదాన్ని తాకదు. గొలుసు తెగినా మళ్లీ కలిపే వ్యవధి దొరుకుతుంది. ఆ రోజుకు అయ్యే హోటల్ ఖర్చు వృథా అని చాలామంది అనుకుంటారు. తప్పిపోయిన అంతర్జాతీయ టికెట్ మళ్లీ కొన్నప్పుడు తెలుస్తుంది, ఏది వృథానో. ఖాళీ రోజును టికెట్ ధరలో భాగంగా చూడటం నేర్చుకోండి.

ఖాళీ రోజును ఎక్కడ పెట్టాలి

ఏళ్ల అనుభవం మీద నేను పాటిస్తున్న నియమాలు ఇవి. మీ అవసరాన్ని బట్టి మార్చుకోండి, కానీ మానేయకండి.

1. చిన్న విమానం, అంతర్జాతీయ విమానం ఒకే రోజున ఎప్పుడూ పెట్టుకోవద్దు.

2. వెళ్లేటప్పుడు ఒక రోజు, వచ్చేటప్పుడు రెండు రోజులు ఖాళీగా ఉంచండి. తిరుగు ప్రయాణం ఆగితే మీ కోసం ఎదురుచూసేవాళ్లు ఎక్కువ.

3. రోజులో మొదటి విమానమే తీసుకోండి. పొద్దుట ఆకాశం తేటగా ఉండే అవకాశం ఎక్కువ. పైగా ఒక విమానం ఆలస్యం తర్వాతి విమానాల మీద పడుతుంది. మొదటిదానికి మోయవలసిన పాత బాకీ ఉండదు.

4. రెండో దారి ముందే తెలుసుకోండి. లుక్లాలో అయితే హెలికాప్టర్ ఉంటుంది, ఖర్చు చాలా ఎక్కువ. దిగువకు రోజుల తరబడి నడిచి జీపు రోడ్డు అందుకునే దారి కూడా ఉంటుంది. ఏ దారి ఎప్పుడు ఎంచుకోవాలో ఇంటి దగ్గర ప్రశాంతంగా ఉన్నప్పుడే నిర్ణయించుకోండి. ఆందోళనలో తీసుకునే నిర్ణయం ఖరీదైనది.

5. నగదు, రెండు రోజులకు సరిపడా మందులు, ఒక జత వెచ్చని బట్టలు చేతి సంచీలో ఉంచుకోండి. సామాను వేరే విమానంలో రావచ్చు.

6. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు వాతావరణం వల్ల ఆగిపోతే పరిహారం వస్తుందా, ఎన్ని గంటల ఆలస్యం తర్వాత వస్తుంది అన్న షరతు చదవండి.

7. ముఖ్యమైన పనికి వెళ్తుంటే, ఆ పనికి రెండు రోజుల ముందే చేరేలా చూసుకోండి. ఇంటర్వ్యూ, పెళ్లి, ఆపరేషన్, పరీక్ష, వీటికి రేపు లేదు.

ఈ నియమాలు ఎవరెస్ట్ వెళ్లేవాళ్లకే కాదు. రోజుకు ఒకటి రెండు విమానాలే ఉన్న మన ఊళ్లకూ పనికొస్తాయి. అక్కడ ఒక విమానం రద్దయితే మళ్లీ రేపే. అమెరికా నుంచి వచ్చి హైదరాబాద్‌లో దిగి, అదే రోజు చిన్న విమానంలో సొంత జిల్లాకు వెళ్లాలనుకునే పిల్లలకు ఇది తప్పక చెప్పండి. ఒక రాత్రి హైదరాబాద్‌లో పడుకుంటే పోయేదేమీ లేదు.

విమానం రాని రోజు

ఎంత లెక్క వేసినా ఒక రోజు విమానం రాదు. 2011 నవంబర్‌లో లుక్లాలో వేలమంది ట్రెక్కర్లు రోజుల తరబడి చిక్కుకుపోయారు. లెక్కలు వేసుకున్నవాళ్లూ వేసుకోనివాళ్లూ అందరూ అందులో ఉన్నారు. అలాంటి రోజున మీరెవరో మీకు తెలుస్తుంది.

నేను చిక్కుకున్న మొదటి రోజు కౌంటర్ దగ్గర ఉన్న కుర్రాడి మీద అరిచాను. అతనికి ఇరవై ఏళ్లుంటాయేమో. మబ్బును అతను తేలేదు, తొలగించనూ లేడు. నేను అరిచినంతసేపూ తల వంచుకుని నిలబడ్డాడు. మధ్యాహ్నం అదే కుర్రాడు నాకు టీ తెచ్చి ఇచ్చి, రేపటి జాబితాలో నా పేరు ముందుకు రాశానని చెప్పాడు. ఆ టీ గొంతు దిగడం కష్టమైంది. సాయంత్రం వెళ్లి క్షమించమని అడిగాను. ఇప్పటికీ విమానాశ్రయంలో గొంతు లేవబోయిన ప్రతిసారీ ఆ వంచిన తల గుర్తొస్తుంది.

విమానం రాని రోజున చేయవలసిన పనులు నాలుగే. మొదట, మీ కోసం ఎదురుచూసేవాళ్లకు నిజం చెప్పండి. “కాసేపట్లో వచ్చేస్తుంది” అని ఆశ పెట్టొద్దు. రెండు, తర్వాతి జాబితాలో మీ పేరు ఎక్కడుందో మర్యాదగా కనుక్కోండి. మూడు, తర్వాతి టికెట్లు వెంటనే మార్చుకోండి. గడువు దాటాక మార్చడం కన్నా ముందే మార్చడం చవక. నాలుగు, ఆ పైన ఆ రోజును వదిలేయండి. నడవండి, చదవండి, పక్కవాళ్లతో మాట్లాడండి. ఆకాశాన్ని చూస్తూ కూర్చున్నంత మాత్రాన మబ్బు విడదు.

ఇంకొక మాట. పైలట్ “ఈ రోజు వెళ్లను” అన్నాడంటే అది ఆ రోజు మీకు దొరికిన అత్యంత విలువైన సేవ. కంటితో చూసి దిగవలసిన చోట, మళ్లీ చుట్టు తిరిగే వీలు లేని చోట, వెళ్లనని చెప్పడానికి నైపుణ్యమూ ధైర్యమూ రెండూ కావాలి. ఎదురుగా వందమంది కోపంగా చూస్తున్నా ఆ మాట మీద నిలబడేవాడు మనల్ని ఇంటికి చేర్చేవాడు. అతన్ని తొందరపెట్టకండి.

ఈ వారం సాధన

మీరు త్వరలో చేయబోయే ఒక ప్రయాణాన్ని తీసుకోండి. విమానమే కానక్కర్లేదు, రైలైనా బస్సైనా సరే. గుమ్మం నుంచి గుమ్మానికి కాగితం రాయండి. ప్రతి అడుగుకీ మూడు అంకెలు వేయండి. ఒకటి తప్పితే తర్వాతిది ఎప్పుడో పక్కనే రాయండి. అంకాలెన్నో లెక్కపెట్టి, ఏ రెండిటి మధ్య ఖాళీ పెట్టాలో గుర్తు పెట్టండి. ప్రయాణం అయ్యాక అసలు ఎంత పట్టిందో అదే కాగితం మీద ఎర్ర సిరాతో రాయండి. ఇలా అయిదు ప్రయాణాలు చేస్తే, మీరు ఎంత ఆశను లెక్కగా రాసుకుంటున్నారో మీకే తెలుస్తుంది.

మా చెల్లెలి పెళ్లి ఆ తర్వాత మూడు నెలలకు జరిగింది. అప్పుడు నేను వేరే రాష్ట్రంలో పనిలో ఉన్నాను. ముహూర్తానికి మూడు రోజుల ముందే ఇంటికి చేరాను. వాకిట్లో పందిరి రాట పాతేటప్పుడు అక్కడే ఉన్నాను. నన్ను చూసి అమ్మ ఏమీ అనలేదు. కొబ్బరికాయ నా చేతికిచ్చింది.

మీ ఇంట్లో కూడా మీ కోసం ఎవరో ఎదురుచూస్తుంటారు. వాళ్లకు టికెట్ మీది నిమిషాలు చెప్పకండి. కాగితం మీది మూడో అంకె చూసి రోజు చెప్పండి, ఆ రోజుకి చేరండి.